చెవి కారడం మా పిల్లల అలవాటు కాదు సార్

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి. హాస్టల్లో తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్ళయితే మాత్రం చివరిదాకా చదవండి.

"వీళ్ళ పిల్లలకి చెవి కారడం మామూలేనండి. పెద్దయితే అదే పోద్ది." ఈ మాట మేం హాస్టల్ వరండాలో విన్నాం, పీహెచ్‌సీ క్యూలో విన్నాం, సంతలో మందుల షాపు ముందు విన్నాం. ఇప్పుడు మన అమ్మల నోట కూడా వింటున్నాం. చదువుకున్న సారు, తెల్లకోటు వేసుకున్న మేడమ్ ఇన్నేళ్ళుగా అదే చెప్తుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మామూలు కాదు. చెవిలోంచి రోజుల తరబడి చీము కారుతోందంటే చాలాసార్లు లోపల కర్ణభేరికి చిల్లు పడిందని అర్థం. ఆ చిల్లు మన రక్తంలోంచి రాలేదు, మన కొండల్లోంచి రాలేదు. చూడాల్సినవాళ్ళు చూడకపోవడం వల్ల అది పూడకుండా ఉండిపోయింది. మేం చెప్పదలుచుకున్నది ఇదే.

మా బ్యాచ్‌లో ఒకడి సంగతి చెప్తాం. పేరూ ఊరూ వద్దన్నాడు, రాయమన్నది మాత్రం వాడే. పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి. చలికాలం, ముక్కు కారుతూ దగ్గుతూ ఉన్న నలభైమంది పిల్లలు ఒకే హాల్లో పక్కపక్కన పడుకునే రోజులు. వీడికి ఓ రాత్రి చెవిపోటు వచ్చింది. ఏడుస్తుంటే ఒక బిళ్ళ ఇచ్చి పడుకోమన్నారు. తెల్లారేసరికి దుప్పటి మీద చీము, అందులో కాస్త రక్తం చార. నొప్పి మాత్రం పోయింది! వార్డెన్ సంతోషించాడు, వాడూ సంతోషించాడు. "కారిపోయింది కదా, ఇంక తగ్గిపోయినట్టే" అన్నారు.

అసలు మోసం అక్కడే ఉంది తమ్ముళ్ళూ. జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి చెవి లోపలికి వెళ్ళే సన్నని గొట్టం మూసుకుపోతుంది. చిన్నపిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి సూక్ష్మక్రిములు తేలిగ్గా పైకి పాకుతాయి. కర్ణభేరి వెనక చీము పట్టి, ఒత్తిడి పెరిగి పెరిగి, ఆ పలచటి పొర చిట్లుతుంది. చిట్లగానే ఒత్తిడి పోతుంది, నొప్పి పోతుంది. మనం నయమైంది అనుకున్న క్షణమే చిల్లు పడిన క్షణం. ఆ రెండు మూడు రోజుల్లో డాక్టరు చూసి, మందిచ్చి, చెవిలోకి నీళ్ళు పోకుండా చూసుకుంటే చాలామందికి అది కొద్ది వారాల్లో తనంతట తనే పూడిపోతుంది. మావాడికి ఎవరూ చూడలేదు. రోజూ గెడ్డలో మునకలు. ప్రతి జలుబుకీ మళ్ళీ కారడం. వాసన వస్తోందని పక్కన ఎవరూ కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. వాడే వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. సగం వినపడే పిల్లాడు ఆఖరి బెంచీలో!

ఏడో తరగతిలో ఒక సారు వెనక నుంచి పిలిచాడు. వీడు తిరగలేదు. "పిలుస్తుంటే పొగరా" అని వచ్చి లాగి ఒక్కటి ఇచ్చాడు, బాగున్న చెవి మీద. వాడి మాటల్లోనే చెప్పాలంటే గూబ గుయ్యిమంది. ఆ గుయ్యిమనడం మూడు వారాలు తగ్గలేదు.

ఇంటర్ అయ్యాక ఆర్మీ ర్యాలీకి వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి కొండలెక్కినవాడికి 1600 మీటర్లు ఒక లెక్క కాదు. మెడికల్లో డాక్టరు చిన్న లైటున్న గొట్టం చెవిలో పెట్టి చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు చెవుల్లోనూ చిల్లులు, అన్‌ఫిట్. పదేళ్ళు మనవాడు ప్రభుత్వం అన్నం తిని, ప్రభుత్వ హాస్టల్లో పడుకుని, ప్రభుత్వ బడిలో చదివాడు. వాడి చెవిలోకి ఒక పరికరంతో తొంగి చూసిన మొదటి మనిషి, వాడిని వద్దనడానికి చూసినవాడు. ఆ పరికరం పేరు ఓటోస్కోప్. అరచేతిలో పట్టే వస్తువు, లక్షలు పెట్టి కొనేది కాదు.

ఇప్పుడు "మొద్దు" అనే మాట సంగతి మాట్లాడుకుందాం.

కర్ణభేరికి చిల్లున్న పిల్లాడికి పూర్తిగా చెవుడు రాదు. అందుకే ఎవరికీ దొరకడు. శబ్దం వినపడుతుంది, మాట స్పష్టంగా అందదు. గంట కొడితే లేస్తాడు, అన్నానికి పిలిస్తే వస్తాడు. మరి లెక్క చెప్తే ఎందుకు రాదు అంటారు సారు. పైగా మన పిల్లలకి ఇంకో చిక్కుంది. ఇంట్లో కువి మాట్లాడే పిల్ల, కోయ మాట్లాడే పిల్లాడు, ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్ల బడిలో తెలుగు కొత్తగా నేర్చుకోవాలి. సొంత భాషలో అయితే సగం మాట వినపడినా మిగతా సగం ఊహించుకోవచ్చు, ఆ మాట ముందే తెలుసు కాబట్టి. తెలియని భాషలో దేన్ని ఊహిస్తాడు? సారేమో "వీళ్ళకి తెలుగు రాదండీ" అని సరిపెట్టుకుంటాడు. ఇంట్లోవాళ్ళు "మావాడికి చదువు అబ్బలేదు" అని పశువుల వెంట పంపుతారు. అసలు తప్పు చెవిదని తేలకుండానే ఒక బతుకు పక్కకి పోతుంది. బడి మానేసిన పిల్లల్లో చెవి కారేవాళ్ళు ఎంతమందో మనమైనా ఎప్పుడైనా లెక్కేశామా?

చెంపదెబ్బ సంగతికి వద్దాం. "గూబ గుయ్యిమనిపిస్తా", "గూబ పగిలిపోద్ది" అని మన తెలుగులో ఎంత సరదాగా అంటారో. సినిమాల్లో నవ్వుకుంటాం కూడా. ఆ గుయ్యి ఏంటో తెలుసా? చెయ్యి చెవి మీద చదునుగా పడితే లోపలి గాలి ఒక్కసారిగా కర్ణభేరిని గుద్దుతుంది, అది చిరుగుతుంది. చెవి దిమ్మెక్కుతుంది, హోరు పెడుతుంది, ఒక్కోసారి సన్నగా రక్తం వస్తుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి. అలవాటుగా వాడే మాటలోనే గాయం పేరుంది, మనమే పట్టించుకోలేదు.

బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇక భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో తీవ్ర గాయం అంటే ఏమేం లెక్కలోకి వస్తాయో రాశారు. ఏ ఒక్క చెవి వినికిడి శాశ్వతంగా పోయినా అది తీవ్ర గాయమే. పాత ఐపీసీ 320లోనూ అంతే. అంటే కంటి చూపు పోగొట్టడంతో పాటు ఒకే జాబితాలో చెవిని పెట్టారు చట్టం రాసినవాళ్ళు. మన స్టాఫ్ రూముల్లో మాత్రం అది "ఒక దెబ్బేసి బుద్ధి చెప్పడం".

కొట్టే సారు మనవాడే కావచ్చు, మన కులపోడే కావచ్చు. చాలా చోట్ల అదే జరుగుతోంది. మనవాడైతే దెబ్బ మెత్తగా తగలదు. ఇంకో మాట చెప్తే కోపం రావద్దు. హాస్టల్లో జూనియర్లని చెవి మీద కొట్టింది మనం కాదా? స్టడీ అవర్‌లో నిద్రపోయాడని, నీళ్ళు తేలేదని, సీనియర్ని అన్నా అనలేదని? ఈ పోస్టు రాస్తున్న మాలోనే ఇద్దరు ఆ పని చేశామని ఒప్పుకున్నారు. అప్పుడు తెలియదు అనడం ఒక సాకు. ఇప్పుడు తెలిసింది.

దెబ్బ తిన్న పిల్లాడికి వినపడటం తగ్గినా, రక్తం వచ్చినా అదే రోజు లేదంటే మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పి రాయించండి. మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. "ఆడుకుంటూ పడ్డాడు" అని రాయించే పెద్దమనుషులు తప్పకుండా వస్తారు, వినొద్దు. చిన్న చిరుగులు వారాల్లో పూడిపోతాయి. అది పిల్లాడికి మంచిదే గానీ, నెల తర్వాత వెళ్తే ఏమీ లేదంటారు. ఎవరూ పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

ఇంటి వైద్యం సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మన అవ్వలు, తాతలు ఆకులూ వేళ్ళూ ఎరిగినవాళ్ళు. వాళ్ళని ఎగతాళి చేసే పోస్టు కాదు ఇది. కానీ కారే చెవిలో ఏదీ పొయ్యకూడదు. వేడి చేసిన నూనె గానీ, వెల్లుల్లి కాచిన ఆముదం గానీ, ఆకు పసరు గానీ, చనుబాలు గానీ. చిల్లు లేని చెవిలో పోస్తే అది కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. చిల్లున్న చెవిలో తిన్నగా లోపలి గదిలోకి పోతుంది. అక్కడ సున్నితమైన ఎముకలు, దాని పక్కనే వినికిడి నరం ఉన్నాయి. షాపులో అడిగి కొన్న చుక్కల మందూ అంతే. కొన్ని చుక్కల్లో ఉండే జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులు చిల్లు లోంచి లోపలికి పోతే ఉన్న వినికిడిని కూడా దెబ్బ తీయగలవు. చెవిలోకి చూసిన డాక్టరు రాసిన చుక్కలే వెయ్యాలి. చూడకుండా రాస్తే "ఒకసారి లోపల చూడండి సార్" అని అడగండి, తప్పేం లేదు. ఇంక కోడి ఈక, అగ్గిపుల్ల, పిన్నీసు, పెన్ను రీఫిల్... ఇవి చెవిలో తిప్పేటప్పుడు పక్కనుంచి ఎవడో తగిలి చిల్లు పడ్డ కేసు మన గ్రూపులోనే ఉంది. ఆ ఈక సుఖం మాకూ తెలుసు. మానెయ్యండి.

మరి గుర్తు పట్టడం ఎలా? రాత్రంతా పోటు పెట్టి తెల్లారికి హఠాత్తుగా తగ్గి చెవిలోంచి ఏదో కారితే అనుమానించాలి. దెబ్బ తర్వాత, పేలుడు శబ్దం తర్వాత, గెడ్డలో పైనుంచి దూకి చెవి నీళ్ళకి గట్టిగా కొట్టుకున్న తర్వాత వినపడటం తగ్గినా, హోరు పెట్టినా అనుమానించాలి. ముక్కు చీదినప్పుడు చెవిలోంచి గాలి బుస్సుమంటోందని పిల్లాడు చెప్తే దాదాపు ఖాయమే. డాక్టరుకి చూపించేదాకా చెవి పొడిగా ఉంచడమే పెద్ద వైద్యం. స్నానం చేసేటప్పుడు దూదికి కాస్త వాజిలీన్ రాసి చెవి వాకిట్లో పెట్టాలి, లోపలికి కుక్కొద్దు, స్నానం అయ్యాక తీసెయ్యాలి. గెడ్డలో మునగొద్దు, ముక్కు బలంగా చీదొద్దు. నొప్పికి పారాసిటమాల్ వయసుకి తగ్గట్టు. చీము కారుతుంటే శుభ్రమైన మెత్తటి గుడ్డని వత్తిలా చుట్టి చెవిలో పెట్టి, తడవగానే తీసి ఇంకొకటి పెట్టాలి, రోజుకి మూడుసార్లయినా. ఏఎన్ఎం అక్కని అడిగితే చేసి చూపిస్తుంది. పుల్లకి దూది చుట్టి పొడవొద్దు.

చెవి వెనక వాచినా, చెవి ముందుకు తోసుకొచ్చినట్టున్నా, జ్వరంతో తలనొప్పీ వాంతులూ ఉన్నా, మెడ పట్టేసినా, మూతి ఒక పక్కకి వంకర పోయినా, నిలబడలేనంతగా కళ్ళు తిరుగుతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వారం ఆగుదాం, సంత రోజు చూద్దాం అనుకునే సంగతి కాదు. చీము ఎముకలోకి, మెదడు వైపు పోయే ప్రమాదం ఉంది. తలకి దెబ్బ తగిలి చెవిలోంచి రక్తం గానీ నీళ్ళలాంటిది గానీ వచ్చినా అంతే. ఏమీ నొప్పి లేకుండా కొంచెం కొంచెంగా, బాగా దుర్వాసనతో కారే చెవిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. లోపల ఎముకని తినేసే రకం ఉంటుంది, దానికి ఆపరేషనే మార్గం.

పద్నాలుగు రోజులు దాటి కారితే దాన్ని పాత చెవి జబ్బు కింద లెక్కేస్తారు. అప్పుడు చెవి డాక్టరే చూడాలి. ఆంధ్రాలో మనవాళ్ళకి విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, తెలంగాణ మిత్రులకి హైదరాబాద్ కోఠిలో ఉంది. మూడు నెలలైనా పూడని చిల్లుకి ఆపరేషన్ చేస్తారు. చెవి పైన కండరం మీదుండే పలచటి పొర కొంచెం తీసి చిల్లుకి మాసిక వేస్తారు. ఎక్కువమందికి అతుక్కుంటుంది. చిన్నపిల్లలైతే వయసును బట్టి కొన్నాళ్ళు ఆగమంటారు, ఆగమన్నారని వదిలెయ్యకూడదు. డబ్బు గురించి భయపడి వెనక్కి రావొద్దు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి ఏ పథకంలో వస్తుందో అడగండి.

ఇంతా చెప్పాక అసలు ప్రశ్న. ఇదంతా మనమే ఎందుకు చెప్పుకోవాలి? 2007 నుంచి దేశంలో చెవుడు నివారణకి ఒక జాతీయ కార్యక్రమం ఉంది. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే ఉంది, బడి పిల్లల్ని ఏడాదికోసారి టీము వచ్చి చూడాలి, వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో చెవిలో చీమూ ఉంది, వినికిడి లోపమూ ఉంది. మా హాస్టళ్ళలో మేం చూసింది ఏంటంటే: జీపు వచ్చేది, ఎత్తు, బరువు, నోరు తెరువు, టార్చి లైటు, సంతకం. రెండు గంటల్లో రెండొందల మంది. టార్చి లైటుకి కర్ణభేరి కనపడదు. ఒకవేళ ఎవరైనా గుర్తించి విశాఖకి రిఫర్ చేసినా, వందకి పైగా కిలోమీటర్లు ఆ పిల్లాడిని ఎవరు తీసుకెళ్తారు? వార్డెన్‌కి మిగతా పిల్లల్ని వదిలి కదలడానికి ఉండదు. నాన్న రావాలంటే రెండు రోజుల కూలి, బస్సు చార్జీ, పట్నంలో ఎక్కడ పడుకోవాలో తెలియని భయం. రిఫరల్ చీటీ ట్రంకు పెట్టెలో పుస్తకాల కింద ఉండిపోతుంది.

వికలాంగుల చట్టం సంగతి ఇంకా విచిత్రం. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ వినికిడి పోతేనే లెక్కలోకి వస్తారు. ఉత్త చిల్లు వల్ల పోయే వినికిడి మామూలుగా అంతదాకా రాదు. అంటే ఆర్మీకి పనికిరాడు, క్లాసులో పాఠం అందదు, కానీ సర్టిఫికెట్‌కీ అర్హుడు కాడు. ఏ లెక్కలోనూ లేని పిల్లాడు.

2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు మీద ఇచ్చిన నివేదికలో ఎక్కువగా ఉన్న చోట్లు చెప్పారు. ఆస్ట్రేలియా ఆదివాసులు, గ్రీన్‌లాండ్, సోలమన్ దీవులు, టాంజానియా, మన దేశం. నూటికి నలుగురికి మించి ఉంటే వెంటనే పట్టించుకోవాల్సిన ప్రజారోగ్య సమస్య అన్నారు. ఆస్ట్రేలియా ఆదివాసికీ గ్రీన్‌లాండ్ ఇన్యుట్‌కీ రక్తసంబంధం ఏముంది? ఇరుకు గదులు, పొగ, పేదరికం, దూరంగా డాక్టరు, అవే కలుస్తాయి. రక్తం మాట ఎత్తేవాళ్ళకి ఇది చూపించండి. ఆగస్టు 9 వస్తే మన పిల్లలతో థింసా ఆడించి ఫొటోలు దిగే అధికారులకి కూడా చూపించండి. ఆ డప్పు ఎంతమంది పిల్లలకి సరిగ్గా వినపడుతోందో ఒక్కసారి అడగమనండి.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఆశ్రమ పాఠశాలకీ రాత్రి కూడా ఉండే ఒక ఏఎన్ఎం. ఆమె చేతిలో ఒక ఓటోస్కోప్, దాన్ని వాడటంలో శిక్షణ. ఏడాదికోసారి ప్రతి పిల్లాడికీ వినికిడి పరీక్ష, పిల్లాడి భాష తెలిసిన మనిషితో. నెలకి రెండుసార్లు ఏజెన్సీలోని ఏరియా ఆసుపత్రికి చెవి డాక్టరు, రిఫర్ చేసిన పిల్లల్ని తీసుకెళ్ళి తీసుకురావడానికి ఐటీడీఏ బండి, తోడు వెళ్ళే మనిషికి ఖర్చులు. చెవి మీద చెయ్యి చేసుకున్న టీచరు మీద విచారణ, "మందలించాం" అనే ఒక్క ముక్కతో ముగించకుండా.

పీవో గారి గ్రీవెన్స్‌కి ఉత్త మాటలతో వెళ్తే "పరిశీలిస్తాం" అంటారు. అందుకే దసరా సెలవుల తర్వాత హాస్టళ్ళు తెరిచాక, చలీ జలుబులూ ముదరకముందే, మనం ఒక పని చేద్దాం. ఎవరు చదివిన హాస్టల్‌కి వాళ్ళు వెళ్ళి, హెచ్ఎంకి చెప్పి పిల్లలతో కూర్చోండి. చెవి కారేవాళ్ళు ఎంతమంది, ఎన్నాళ్ళ నుంచి, ఎవరైనా చూశారా అని రాయండి. ప్రతి పిల్లాడి వెనక ఒక చెయ్యి బారు దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, వాడి ఇంటి భాషలోనే మూడు మాటలు గుసగుసగా చెప్పి తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకోసారి, ఆ తర్వాత రెండో చెవి. ఇది డాక్టరు పరీక్ష కాదు, ఎవరిని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో తెలుసుకోవడానికి మాత్రమే. పిల్లల ముందు "చెవిటోడు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. పిల్లల పేర్లు గ్రూపులో పెట్టొద్దు, హాస్టల్ పేరూ సంఖ్యా అడ్మిన్లకి విడిగా పంపండి. మండలం వారీగా కలిపి గ్రీవెన్స్‌కి పట్టుకెళ్దాం. ఆ రోజు మనతో పాటు మావాడూ వస్తానన్నాడు. విశాఖలో కుడి చెవికి ఆపరేషన్ అయ్యి రెండు నెలలైంది, ఎడమది ఇంకా ఉంది. వాడితో మాట్లాడేటప్పుడు కుడి పక్కన నిలబడండి.